కొలత చెప్పిన మాట

పుస్తకంలోని లెక్కకు, ప్రయోగంలోని కొలతకు పొత్తు కుదరనప్పుడు మనం దేనిని విశ్వసించాలి? ఈ ప్రశ్నకు ఆకాశమే ఒక చక్కని సమాధానం చెప్పింది.

భూమికి సుమారు 80 కిలోమీటర్ల పైనుండి పలుచని వాయువులను సూర్యకిరణాలు అయాన్లుగా మారుస్తూ ఉంటాయి. ఆ ప్రాంతమే అయనోస్ఫియర్. దూరదేశాల రేడియో ప్రసారాలు మనకు అందటానికి, ఉపగ్రహ సంకేతాలు ఒక్కొక్కప్పుడు తడబడటానికి ఇదే కారణం. అక్కడ ఏ ఎత్తున ఏ అయాన్లు ఎంత మేరకు ఉండునో అంచనా కట్టుటకై 1960 దశకం చివర రెండు అంతర్జాతీయ శాస్త్ర సంఘాలు ఒక ప్రామాణిక నమూనాకు పూనుకొన్నవి. అది కేవలం ఊహ కాదు. భూకేంద్రాలు, రాకెట్లు, ఉపగ్రహాలు సేకరించిన కొలతల సారం.

2008 ఏప్రిల్‌లో అమెరికా 'సి-నాఫ్స్' అనే ఉపగ్రహాన్ని ప్రయోగించింది. ఆక్సిజన్ అయాన్ల ప్రాబల్యం ముగిసి హైడ్రోజన్ అయాన్ల ప్రాబల్యం ఆరంభమయ్యే సరిహద్దు రాత్రివేళ సుమారు 640 కిలోమీటర్ల ఎత్తున ఉండగలదని శాస్త్రజ్ఞుల అంచనా. ఉపగ్రహానికి అది 420 కిలోమీటర్ల వద్దనే కనిపించింది! పగటివేళ 960 కిలోమీటర్లు ఉండవలసినది 800 దాటుటయే గగనమైనది.

శాస్త్రజ్ఞులు కొలతను దాచలేదు, నమూనాను పారవేయలేదు, కారణాన్ని అన్వేషించారు. ఆ సంవత్సరం 366 రోజులలో 266 రోజులు సూర్యబింబంపై ఒక్క మచ్చయినా లేదు. సూర్యుడు శాంతించగా పై వాతావరణం చల్లబడి కుంచించుకొన్నది. అంతటి ప్రశాంతత నమూనాకు ఆధారమైన అనుభవంలో అరుదు. గతానుభవమెంత గొప్పదైనా రేపటికి హామీ కాజాలదు కదా!

మన దేశమూ ఈ కృషికి దూరం కాదు. 1994 మే 4న శ్రీహరికోట నుండి వెళ్ళిన స్రాస్-సి2 ఉపగ్రహం అయాన్ల ఉష్ణోగ్రతను కొలవగా, మన శాస్త్రజ్ఞులు ఆ కొలతలను ఇదే నమూనాతో సరిపోల్చి భేదాలను నిస్సంకోచంగా ప్రకటించారు.

మరి మన ప్రయోగశాలలలో జరుగుచున్నదేమి? కొలత పుస్తక విలువకు దూరంగా వచ్చినచో, విద్యార్థి దానిని చెరిపి 'సరైన' అంకె వేస్తాడు. పరికరం కూడా పొరబడవచ్చును, నిజమే. కాని అది పరీక్షించి తేల్చవలసిన విషయమే గాని, రబ్బరుతో తుడిచివేయవలసినది కాదు. ఈ దోషం విద్యార్థిది మాత్రమే కాదు. పుస్తకపు అంకెకే మార్కులు వేసే మనది కూడా.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. ప్రాక్టికల్ రికార్డులలో తనకు వచ్చిన కొలతను ఉన్నదున్నట్లు వ్రాసి, భేదానికి కారణం వెదకిన విద్యార్థికి ప్రత్యేకంగా కొన్ని మార్కులు కేటాయించండి. విద్యార్థులారా! మీ చేతిలోని పరికరం చెప్పిన మాటను ముందుగా ఆలకించండి. సత్యశోధన అక్కడే మొదలవుతుంది.