రెల్లు రుణం

ఉక్కు కర్మాగారానికీ, ప్రత్యేక ఆర్థిక మండలికీ పొరుగున ఉన్న దువ్వాడలో రైలెక్కితే, అనతి దూరంలోనే అనకాపల్లి వస్తుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అది ఒకటి. 1913లో అక్కడ చెరకు పరిశోధన కేంద్రం వెలసింది. రైతు నాటే చెరకు ప్రకృతి యథాతథంగా ప్రసాదించినది కాదు. తరతరాల మానవుని ఎంపిక దానిని మలచింది. అయితే ఆ ఎంపిక తీపిని మాత్రమే చూసినప్పుడెల్లా చెరకు ప్రమాదంలో పడిందనే సత్యాన్ని విస్మరించరాదు.

వేల ఏండ్ల క్రితం న్యూగినీ ద్వీపవాసులు లావైన, మెత్తని, తియ్యని గడలనే ఏరి నాటుకున్నారు. చెరకును విత్తనంతో కాక ముచ్చెలతో నాటుతారు. కనుక ఒక రకం నాటిన తోటలోని ప్రతి దుబ్బూ తల్లిమొక్కకు అచ్చమైన ప్రతిరూపమే. రైతుకు ఇది వరం. కోరుకున్న గుణం చెక్కుచెదరదు. తెగులుకు కూడా ఇదే వరం! ఒక దుబ్బును లొంగదీసుకొన్న శిలీంధ్రానికి తోటంతా లొంగినట్లే. 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో గోదావరి డెల్టాలో జరిగినది ఇదే. ఎర్రకుళ్ళు సోకిన గడను నిలువునా చీల్చితే లోపల ఎరుపు, నడుమనడుమ అడ్డంగా తెల్లని మచ్చలు, పులిసిన వాసన. ఆ రసం బెల్లానికి పనికిరాదు. ఆ నష్టమే సామర్లకోటలో చెరకు పరిశోధన క్షేత్రం ఏర్పడటానికి కారణమైంది.

చెరకుకు కొత్త బలం ఊహించని చోటు నుండి లభించింది. ఏటి గట్లపై తనంత తాను మొలిచే రెల్లు, కవులకు శరత్కాల వర్ణనకూ, పల్లెవాసులకు ఇంటికప్పుకూ తప్ప అక్కరకు రాదనుకొన్న గడ్డి. దానిలో చక్కెర అత్యల్పం. కాని అది చెరకుకు దగ్గరి చుట్టం. నీటి ఎద్దడినీ, తెగుళ్ళనూ ఓర్చుకోగలదు. 1912లో ఏర్పడిన కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో బార్బర్, టి.ఎస్. వెంకటరామన్ వెల్లై అనే తియ్యని చెరకును రెల్లుతో సంకరం చేశారు. అలా పుట్టిన కో. 205 రకం 1918లో పంజాబు పొలాలకు చేరింది. అటుపై సంకర సంతానాన్ని మళ్ళీ మళ్ళీ తియ్యని చెరకుతో కలిపి, వేలాది మొలకలలో కొన్నింటినే నిలుపుకొంటూ శాస్త్రవేత్తలు తీపినీ, బలాన్నీ ఒకే గడలో కూర్చారు. నేడు ప్రపంచంలో సాగవుతున్న చెరకులో దాదాపు అంతటా రెల్లు అంశ ఉంది.

ఇంత జరిగినా పాత పొరపాటు పునరావృతమైంది. 2009లో విడుదలైన కో. 0238 రకం చక్కెర దిగుబడిలో మేటి. పదేళ్ళు తిరిగేసరికి ఉత్తరప్రదేశ్ చెరకు విస్తీర్ణంలో 80 శాతానికి పైగా అదే ఆక్రమించింది. ఆ వెనుకనే ఎర్రకుళ్ళు మళ్ళీ విజృంభించింది. ఇందుకు రైతును నిందించడం అన్యాయం. అధిక దిగుబడినిచ్చే రకాన్ని వదులుకొమ్మని అప్పులలో ఉన్నవానికి చెప్పగలవారెవరు? ఒకే రకం అంత విస్తరించకుండా చూడవలసినది ప్రభుత్వాలూ, చక్కెర మిల్లులూ. కేరళలోని కన్నూరులో వేలాది చెరకు రకాలను భద్రపరచడం ప్రశంసనీయమే. కాని ఏటి గట్టున ఉన్న రెల్లు ఏటేటా కొత్త పురుగును, కొత్త తెగులును ఎదుర్కొంటూ తానూ మారుతుంది. భద్రపరచిన మొక్కకు ఆ అవకాశం తక్కువ. గట్లను చదును చేసేవారి లెక్కలో రెల్లు ఇంకా కలుపుమొక్కే. ఒక కొత్త చెరకు రకం సంకరం నుండి రైతు పొలం చేరడానికి మాత్రం 10 సంవత్సరాలకు పైగా పడుతుంది.