తళుకు కాదు, నంబరు చూస్తారు!

పాత బండి కొనేటప్పుడు ముందు ఏం చూస్తారు? పెయింటు, క్రోమ్ మెరుపు అంటారా? అయితే పాత ఇటాలియన్ బైకుల పిచ్చి ఉన్నవాళ్ల గురించి మీకు తెలియాలి.

డుకాటీ, మోటో గుజ్జి, లవెర్దా... యాభై ఏళ్ల నాటి బండి అమ్మకానికి వచ్చిందంటే వాళ్లు ముందు వంగి ఇంజిన్ నంబరు, ఫ్రేము నంబరు చదువుతారు. తర్వాత ఇంజిన్ మీద చెయ్యి పెడతారు. అప్పటికే వెచ్చగా ఉందా, అనుమానమే. చల్లగా ఉంటే స్టార్టవదని ముందే వేడి చేసి పెట్టారేమో!

ఇంత జాగ్రత్త ఎందుకు? 1974 నాటి డుకాటీ 750 సూపర్ స్పోర్ట్‌నే తీసుకోండి. 1972లో ఇమోలా రేసులో పాల్ స్మార్ట్ గెలిచిన బండి నమూనాలో రోడ్డు కోసం చేసిందది. తయారైనవి సుమారు 400. అందుకే అంత ధర. అదే కంపెనీ మామూలు 750 జీటీకి అలాంటి ట్యాంకు తగిలించి, ఫ్రేముకు ఆకుపచ్చ రంగేస్తే దూరం నుంచి తేడా తెలీదు. కానీ జీటీలో వాల్వుల్ని స్ప్రింగులు మూస్తాయి. సూపర్ స్పోర్ట్‌లో తెరిచేదీ మూసేదీ క్యామ్‌లే. ఇంజిన్ విప్పితే గుట్టు రట్టు. విప్పకముందే నంబర్లు చాలావరకు చెప్పేస్తాయి.

అలాగని నకలు చేయడం నేరమేం కాదు. 'ఇది రెప్లికా' అని చెప్పి అమ్మితే దానికీ కొనేవాళ్లుంటారు. అసలుదని చెబితేనే మోసం.

మన రెజ్యూమెల సంగతీ ఇంతే. 'రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం' అనే ఆఫర్ హైదరాబాద్‌లో ఉద్యోగం వెతికేవాళ్లకు కొత్త కాదు. అందరూ పెడుతున్నారు, నిజం రాస్తే షార్ట్‌లిస్టే కావట్లేదు అంటారా? ఆ బాధ నిజమే. ఫ్రెషర్ పనికీ అనుభవం అడిగే కంపెనీలకూ ఇందులో వాటా ఉంది. కానీ దెబ్బ తగిలేది మీకే. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ సర్వీస్ హిస్టరీ అడుగుతున్నారు. ఎక్కడ చేరారో, ఎప్పుడు మానేశారో అందులో కనిపిస్తుంది. అదే మీ ఇంజిన్ నంబరు. చేరిన ఏడాదికి పట్టుబడినా ఉద్యోగం పోవచ్చు. అప్పటికి ఇంట్లో ఈఎంఐలు మొదలై ఉంటాయి.

కోర్సులో చేసిన ప్రాజెక్టును కోర్సు ప్రాజెక్టు అనే రాయండి. అందులో ఏ ముక్క మీరు సొంతంగా చేశారో, ఎక్కడ ఇరుక్కుని ఎలా బయటపడ్డారో చెప్పగలగాలి. బ్యాక్‌లాగులున్నా, ఏడాది గ్యాప్ ఉన్నా దాచకండి, కారణం రెండు వాక్యాల్లో చెప్పండి. గీతలు పడ్డా కంపెనీ రంగుతోనే ఉన్న బండిని, కొత్తగా రంగేసినదానికంటే ఎక్కువ ఇష్టపడే అభిమానులు చాలామంది. కనిపించే గీతకు ధర కాస్త తగ్గుతుందేమో. నంబరు తేడా వస్తే మాత్రం బేరమే ఉండదు.