ఆవిరిపై ఉడికిన చేప

చేప యనగానే మన యిండ్లలో పులుసో, వేపుడో తలపునకు వచ్చును. పులుసునకు వంక పెట్ట నక్కరలేదు. కాని మూకుడు నిండ నూనె కాచి చేయు వేపుడు నిత్యకృత్యమైనచోట, దానికి బదులుగా మరియొక పద్ధతిని పరిశీలించుట మేలు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతమువారు చేపను ముక్కలు చేయక, తలతోకలతో సహా ఆవిరిపై ఉడికింతురు. చైనా భాషలో ‘చేప’ యను మాటయు, ‘సమృద్ధి’ యను మాటయు ఒకే తీరున పలుకును. కావుననే నూతన సంవత్సరపు విందులో నిండుచేపను వడ్డించుట వారి ఆచారము. ఈ వంట మన యిండ్లలోను ప్రవేశింపదగినదని మా యభిప్రాయము.

ఆవిరి వంట మనకు క్రొత్త కాదు. ఇడ్లీలు, వినాయక చవితి కుడుములు ఆవిరి మీదనే గదా ఉడుకును! వెడల్పైన పాత్ర, నీటికి పైన పళ్ళెమును నిలుపుటకు ఆధారము, బిగువైన మూత ఉన్న చాలును.

సుమారు 600 గ్రాములు తూగు పండుగప్పను తీసికొని, పొలుసు, మొప్పలు, ప్రేవులు తొలగించి, కడిగి, తడి యొత్తి, రెండు ప్రక్కల గాట్లు పెట్టవలెను. పైన అల్లపు చీలికలు, ఉల్లికాడలు పరచి, నీరు బాగుగా తెరలుచుండగా పాత్రలోనుంచి మూత వేయవలెను. సుమారు 10 నిమిషములకు ఉడుకును. దళసరి భాగమున మాంసము తెల్లబడి ముల్లు నుండి సులభముగా విడివడనిచో మరి రెండు నిమిషము లుంచవలెను. పళ్ళెమున ఊరిన నీచునీటిని వంచివేయవలెను. క్యారెట్, క్యాబేజీ, పుట్టగొడుగులను వేరుగా ఆవిరిపై ఉడికించి చేప చుట్టును అమర్చవచ్చును. నీటిలో ఉడికించి వార్చినప్పుడు పోవు విటమినులు ఇట్లు చాలవరకు నిలుచును.

చివర ఒక చెంచా వేడినూనెయు, సోయా సాసును పోయుట చైనీయుల వాడుక. ఇచ్చట మనము వివేకము చూపవలెను. దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు వాడుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఒక పెద్ద చెంచాడు సోయా సాసులోనే 2 గ్రాములకు పైబడి ఉప్పు కలదు. నలుగురి పళ్ళెమునకు ఒక చిన్న చెంచాడు చాలును. వేరుగా ఉప్పు వేయరాదు. పులుపునకు నిమ్మరసము పిండుకొనవచ్చును. రక్తపు పోటు గలవారు ఈ మాట మరువరాదు.

మసాల లేని చేప రుచింపదని కొందరందురు. పచ్చిమిరప చీలికలు, మిరియాలపొడి చేర్చుకొనుటకు అడ్డేమి? నిజమునకు మసాల చాటున దాగు లోపము ఆవిరిలో దాగదు. ఇది ఈ వంటలోని గొప్ప గుణము. కన్నులు తేటగా, మొప్పలు ఎఱ్ఱగా ఉండి, వ్రేలితో నొక్కిన గుంట నిలువని చేపనే కొనవలెను. నిలువ చెడిన కొన్ని చేపలలో పుట్టు విషము ఎంత ఉడికించినను నశింపదు. పిల్లలకు ముండ్లు తీసి పెట్టవలెను.

వారమునకొక పూట మూకుడునకు విశ్రాంతి నిచ్చి, ఇడ్లీపాత్రకు ఈ క్రొత్త పని అప్పగింపుడు. ఇంటిల్లిపాదికి నూనె తగ్గును, చేప రుచి దక్కును.