మనసుకూ ప్రథమ చికిత్స

ఆటస్థలంలో విద్యార్థి కాలు బెణికితే కట్టు కట్టడానికి మన ఎన్.సి.సి. కేడెట్లు పరుగున వస్తారు. అదే విద్యార్థి మనసు కుంగి వెనుక బల్లపై మౌనంగా కూర్చుంటే మనకేమీ తోచదు. నిరుడు అట్టి యువకునితో "ధైర్యంగా ఉండు" అని చెప్పి నా తరగతికి నేను వెళ్ళిపోయాను. కొద్ది దినాలకే అతడు చదువు మానివేశాడు. నా మాట తప్పు కాదు. కాని అది చాలలేదు.

ఈ కొరతను గుర్తించియే 2000లో ఆస్ట్రేలియాలో బెట్టీ కిచెనర్, ఆంథొనీ జోర్మ్ దంపతులు మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ప్రారంభించారు. అందులో నేర్పేది వైద్యం కాదు. చెంతకు చేరడం, తప్పుపట్టక ఆలకించడం, ఊరట కలిగించడం, వైద్యుని వద్దకో ఆప్తుల వద్దకో చేర్చడం - ఇంతే. చనిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా అడిగినంత మాత్రాన ఆ తలంపు పుట్టదు. అణచుకొన్న బాధ బయటపడడానికి దారి దొరుకుతుంది.

ఇది వైద్యుల పని కదా అని కొందరనవచ్చు. నిజమే, కాని వైద్యుడు ఆస్పత్రిలో ఉంటాడు, మిత్రుడు ప్రక్క బల్లపైనే ఉంటాడు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ వారి 14416 సంఖ్యను ఆపన్నునికి అందించేది ఆ మిత్రుడే.

కళాశాల సంఘం వారికి నాదొక మనవి: పరీక్షలకు ముందే అధ్యాపకులకు, ప్రతి తరగతి నుండి ఇద్దరు విద్యార్థులకు తెలుగు, ఉర్దూ భాషలలో ఈ శిక్షణ ఇప్పించండి. దుఃఖం మాతృభాషలోనే నోరు విప్పుతుంది.