పెళ్లి మందు కాదమ్మా

కొత్తవలస దాటి కిరండూల్ రైలు ఎస్.కోటలో ఆగింది. అరకు చూడ్డానికి బయల్దేరిన కుర్రకారుతో పెట్టె అప్పటికే కిటకిటలాడుతోంది. ఓ పెద్దావిడ ఎక్కి, నా పక్కన కాస్త చోటు చేసుకుని కూర్చుంది. చేతిలో నల్ల అట్ట బైబిలు. అరకులో చెల్లెలింటి దగ్గర ప్రార్థన కూడిక ఉందట.

ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేని మాటని, రైల్లో ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పుకోవడం తేలిక. ‘నీకు పిల్లలెంతమందమ్మా’ అంటూ మొదలైన కబుర్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఆవిడ కొడుకు దగ్గర ఆగాయి.

‘‘ముప్పై ఏళ్లొచ్చినాయి. పెళ్లి మాటెత్తితే సాలు, ఫోను పెట్టేత్తాడు. మొన్న ఈస్టరుకొచ్చి సెప్పేసినాడమ్మా... ఆడపిల్లలంటే ఆ ఇష్టం నేదంట. ఆళ్ల నాన్న రెండ్రోజులు అన్నం ముట్నేదు. పాస్టరుగారేమో పెళ్లి సేసెయ్యండి, అదే సర్దుకుంటాదన్నారు. నువ్వు సదూకున్నదానివి, సెప్పు. సర్దుకుంటాదా?’’

అంతలో సొరంగం వచ్చింది. ఆ దారిలో 58 సొరంగాలు. చీకటి పడగానే పిల్లలంతా ఒక్కసారిగా కేకలు పెట్టారు. వెలుతురు వచ్చేసరికి ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

సర్దుకోదని చెప్పాను గానీ, ఎందుకో వివరించడానికి ఆ గోలలో కుదరలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆవిడ ప్రశ్న వెంటాడుతూనే ఉంది. ఎందుకంటే అది ఎస్.కోట తల్లి ఒక్కదాని ప్రశ్న కాదు. సముద్రాల అవతల, కుటుంబమే సర్వస్వం అని నమ్మే ఓ సంఘంలో వేలమంది తల్లులు ఇదే అడిగారు. పెళ్లి మందును వాడి చూశారు కూడా. ఫలితమేమిటో వాళ్లకి తెలుసు.

వాళ్లు మోర్మన్లు. 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన సంఘం వాళ్లది. కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. మనకి కొత్త పేరులా అనిపిస్తుంది గానీ, తెలుగు నేల మీద ఆ సంఘం వయసు తక్కువేం కాదు. సమోవా దీవుల్లో ఉండగా అందులో చేరిన ఎడ్విన్ ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాద్ వచ్చి తమ వాళ్లకి ఆ నమ్మకం గురించి చెప్పారు. బంధువుల్లో పలువురు బాప్తిస్మం తీసుకున్నారు. అంటే, ఇక్కడ ఆ సంఘం మొదలైందే ఒక కుటుంబంతో.

మిగతా చర్చిల్లో పెళ్లి ప్రమాణం ‘మరణం మనల్ని వేరుచేసే వరకూ’. మోర్మన్లకి అంతటితో సరిపోదు. ఆలయంలో జరిగిన పెళ్లి మరణం తర్వాతా నిలుస్తుందనీ, భార్యాభర్తలూ పిల్లలూ పరలోకంలోనూ ఒకే కుటుంబంగా ఉంటారనీ వాళ్ల విశ్వాసం. వినడానికి ఎంత బాగుంది! కానీ ఆ ఇంట్లో ఒక కొడుకు ‘నేను గేనమ్మా’ అన్నాడనుకోండి. మిగతా ఇళ్లలో తల్లికి ‘నలుగురూ ఏమనుకుంటారో’ అనే బెంగ ఒక్కటే. ఆ తల్లికి ఇంకోటి తోడు: పరలోకంలో మా కుటుంబంలో వీడి చోటు ఖాళీగా ఉండిపోతుందా?

అందుకే ఆ రోజుల్లో ఆ సంఘంలో చాలామంది పెద్దలు చెప్పిన మందు మన పాస్టరుగారు చెప్పిందే. పెళ్లి చేసుకో, అదే పోతుంది. మందులు మరీ ఘోరంగానూ ఉండేవి. 1970ల్లో ఆ సంఘానికి చెందిన బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో కొందరు కుర్రాళ్లకి ఈ ‘జబ్బు’ వదిలించాలని కరెంటు షాకులు పెట్టారు.

పెళ్లి మందు ఏం చేసిందో తెలియాలంటే కెరోల్ లిన్ పియర్సన్ కథ వినాలి. ఆమె మోర్మన్ కవయిత్రి. 1966లో జెరాల్డ్‌ని ఆలయంలో పెళ్లాడింది. తన మనసు మగవాళ్ల వైపు వెళ్తుందని అతనికి తెలుసు. పెళ్లయితే అన్నీ చక్కబడతాయని నమ్మాడు. నలుగురు పిల్లలు పుట్టారు. చక్కబడింది మాత్రం ఏమీ లేదు. చివరికి విడిపోయారు. ఆ తర్వాత జెరాల్డ్‌కి ఎయిడ్స్ సోకింది. మనుషులు ఆ జబ్బు పేరు వింటేనే ఆమడ దూరం పారిపోయే రోజులవి. కెరోల్ అతన్ని మళ్లీ తన ఇంటికి తెచ్చుకుంది. 1984లో కన్నుమూసే వరకూ తనే సేవ చేసింది. 1986లో అదంతా పుస్తకంగా రాసింది. ఆ పుస్తకం చదివి ఎన్నో మోర్మన్ ఇళ్లలో తల్లిదండ్రులు తమ పిల్లల వైపు కొత్తగా చూశారు.

ఆ మరుసటి ఏడాది, 1987లో, సంఘం అగ్రనాయకుల్లో ఒకరైన గోర్డన్ హింక్లీ తన ప్రసంగంలో ఓ మాట చెప్పారు. ఇలాంటి మనసు ఉన్నవాళ్లకి పెళ్లిని చికిత్సగా చూడకూడదని! కుటుంబం మీదే నిలబడ్డ సంఘం నోటి నుంచే వచ్చిన మాట అది. మనం ఇంకా ఆ మందునే నమ్ముకుని ఉంటే ఎలా?

సంఘం పూర్తిగా మారిపోయిందని కాదు. ఆకర్షణ పాపం కాదు గానీ ఆ బంధం పాపమనే బోధన అలాగే ఉంది. 2015 నవంబరులో ఇంకాస్త బిగించారు కూడా. స్వలింగ వివాహం చేసుకున్నవాళ్లని మతభ్రష్టులుగా లెక్కించారు. వాళ్ల దగ్గర పెరిగే పిల్లలకి పద్దెనిమిదేళ్లు నిండేదాకా బాప్తిస్మం లేదన్నారు. తల్లిదండ్రులూ తాతమ్మలూ కుమిలిపోయారు. 2019 ఏప్రిల్‌లో ఆ నిబంధనని సంఘమే వెనక్కి తీసుకుంది.

ఇక్కడ ఓ లెక్క చెప్పుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో కెయిట్లిన్ రయాన్ అనే పరిశోధకురాలి బృందం 2009లో ఓ అధ్యయనం ప్రచురించింది. ఇంట్లో తీవ్రమైన తిరస్కారం ఎదుర్కొన్న గే, లెస్బియన్ యువత ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించడం, అంతగా తిరస్కారం లేని ఇళ్ల పిల్లలతో పోలిస్తే 8 రెట్లకు పైగా ఎక్కువని తేలింది. ఆమె 2012లో మోర్మన్ కుటుంబాల కోసమే ఓ చిన్న పుస్తకం తెచ్చింది. అందులో మీ మతం వదులుకోండి అనలేదు. పిల్లల్ని మాత్రం వదులుకోవద్దంది.

అమెరికా సంగతులు మనకెందుకు అంటారా? మన కొండల కిందికే వద్దాం. చింతపల్లి, లంబసింగి వెళ్లేవాళ్లు నర్సీపట్నం నుంచే కొండెక్కుతారు. విజయవాడలో కలిసి బతుకుతున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరిని తండ్రి తీసుకెళ్లి నర్సీపట్నంలోని ఇంట్లో నిర్బంధించాడంటూ రెండో అమ్మాయి హైకోర్టు తలుపు తట్టింది. వయసొచ్చిన అమ్మాయి తనకు నచ్చిన మనిషితో ఉండొచ్చు, తల్లిదండ్రులు అడ్డు రాకూడదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024 డిసెంబరులో చెప్పింది. ఆ తీర్పులో నన్ను కదిలించింది వేరే సంగతి. కన్నవాళ్ల మీద పెట్టిన ఫిర్యాదుని వెనక్కి తీసుకుంటానని ఆ అమ్మాయే చెప్పింది. అంత జరిగినా అమ్మానాన్నల మీద కేసు ఉండకూడదనుకుంది చూడండి!

ఇంకో ఇల్లూ ఉంది. సుప్రియో, అభయ్ అనే ఇద్దరబ్బాయిలు 2021 డిసెంబరులో హైదరాబాద్ శివార్లలో అయినవాళ్ల మధ్య పెళ్లి వేడుక చేసుకున్నారు. చట్టం కూడా గుర్తించాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబరు 17న కోర్టు కాదంది. స్వలింగ ప్రేమ నేరం కాదని 2018లో తేల్చిన దేశంలో, పెళ్లికి మాత్రం ఇంకా గుర్తింపు లేదు. అయినా ఆ వేడుక ఫొటోల్లో పెద్దవాళ్ల మొహాలు నవ్వుతూనే ఉన్నాయి. చట్టం ఇవ్వలేనిది ఇల్లు ఇచ్చింది.

కాబట్టి పెద్దావిడ ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెబుతున్నాను. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం 2018లో ఆ మాటే చెప్పింది. ‘మార్చేస్తాం’ అని వైద్యం చేసే డాక్టర్లది వృత్తి తప్పిదమని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. జబ్బే కానప్పుడు మందెందుకు? అదీగాక, ఆ మందు పేరుతో మీ ఇంటికి తెచ్చుకునే పిల్ల కూడా ఓ తల్లి కన్న బిడ్డే కదా! తనేం తప్పు చేసిందని ఆ ఒంటరి కాపురం? మీ అబ్బాయి మీ దగ్గర నిజం చెప్పాడు. ఎవరో ఒక అమ్మాయి బతుకు పాడు చెయ్యకూడదనే చెప్పి ఉంటాడు. మీరు పెంచిన పెంపకమే అది.

అరకు స్టేషన్‌లో దిగుతూ ఆవిడ ఇంకో ప్రశ్న అడిగింది.

‘‘క్రిస్మస్‌కి రానా మానేదా అని మొన్న ఫోన్లో అడిగినాడు. ఆళ్ల నాన్న పలకనేదు. నేనేటి సెప్పమంటావమ్మా?’’

దీనికి మాత్రం అక్కడే జవాబు చెప్పాను. ‘‘రమ్మనండి. వచ్చాక పెళ్లి ఊసెత్తకండి. వాడికి ఇష్టమైన కూర వండి, వాళ్ల నాన్న పక్కనే కంచం పెట్టండి.’’

ఆవిడ బైబిలు చంకలో పెట్టుకుని, సంచీలోంచి ఫోను తీసి, ఆ ప్లాట్‌ఫాం మీదే నంబరు నొక్కడం మొదలుపెట్టింది.