ఋజువు భారము యజమానిదే

2025 నవంబరు 21వ తేదీన కేంద్ర ప్రభుత్వము లేబరు కోడ్లనబడు నాలుగు కార్మిక స్మృతులను అమలులోనికి తెచ్చినది. అంతకు ముందే, ఆ సంవత్సరము జూలైలో, తెలంగాణ ప్రభుత్వము వాణిజ్య సంస్థలలో దినమునకు పది గంటల పనిని అనుమతించుచు ఉత్తరువు గావించినది. వారమునకు 48 గంటలు మించిన పనికి రెట్టింపు కూలి నియ్యవలెను. ఆ యదనపు పని మూడు మాసములలో 144 గంటలు దాటరాదు. దుకాణములకు ఈ యుత్తరువు వర్తింపదు. పది గంటల మాటను గూర్చి చర్చ విశేషముగా జరిగినది. కాని యజమానులు అంతకంటె ముఖ్యముగా గమనింపదగిన మార్పు వేరొకటి గలదు. దానిని పాఠకుల దృష్టికి తెచ్చుట మా విధియని తలంచుచున్నాము.

కూలి తక్కువ ముట్టినదని గాని, అసలే ముట్టలేదని గాని పనివాడు దావా చేసినచో, చెల్లించితినని ఋజువు చేయు భారము యజమానిపైననే యుండునని వేతన స్మృతి 59వ సెక్షను శాసించుచున్నది. దావాకు మూడేండ్ల గడువు గలదు. నెలజీతము మరుసటి నెల ఏడవ తేదీలోపల చెల్లవలెను. పని మానిన వానికి రెండు పనిదినములలో లెక్క తీర్చవలెను. తక్కువ చెల్లించినచో 50,000 రూపాయల వరకు జుల్మానా; ఐదేండ్లలో మరల ఆ నేరమే చేసినచో మూడు మాసముల వరకు కారాగారమో, లక్ష రూపాయల వరకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. 1948 నాటి కనీస వేతనముల చట్టము జాబితాకెక్కిన వృత్తులకే వర్తించెడిది. నూతన స్మృతి ఎల్ల యుద్యోగములకును వర్తించును.

పాతబస్తీలో దీని ఫలమేమి? చార్మినారునకు పడమట నున్న లాడ్‌బజారు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. గాజుల కీర్తి దేశమెల్ల వ్యాపించినది. వానిని చేయు చేతుల లెక్క మాత్రము ఏ పుస్తకమునను కానరాదు. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీ గాజుల కార్ఖానాలనుండి రెండువందలకు పైగా బాలురను విడిపించిరి. వారిలో పెక్కురు బీహారునుండి తేబడినవారు. గుత్తదారు కూలి యెగవేసినచో, పనివాడు పనిచేయు సంస్థ స్వామియే దానికి జవాబుదారి యని స్మృతి చెప్పుచున్నది. ఇది మేలైన నిబంధన. కాని దుకాణదారు, "నేను సరకు కొనువాడను మాత్రమే" యన్నచో, బాధ్యత ఇరుకుగల్లీలోని కార్ఖానా గడపవద్దనే నిలిచిపోవును. లాభము బజారులో, నేరము గల్లీలో నుండుట న్యాయము కాదు. ఈ లోపమును ప్రభుత్వము సవరింపవలెనని మా యభిప్రాయము.

తాతలనాటినుండి నోటిమాటపై నడచిన వ్యాపారమునకు కాగితమెందుకని కొందరందురు. ఉద్దెర యిచ్చిన సొమ్మును ఖాతాలో వ్రాయని వర్తకుడు గలడా? తనకు రావలసినదానిని కాసుతో సహా వ్రాసికొని, తానియ్యవలసినదానిని మాత్రము నోటిమాటకు విడుచుట ఏపాటి ధర్మము? నియామక పత్రము, జీతముల పుస్తకము పనివానికి ఎంత రక్షణయో, నిజాయితీగల యజమానికిని అంతటి రక్షణయే. వ్రాత లేనివాడు సొమ్ము చెల్లించియు న్యాయస్థానమున ఓడిపోవును.

భూస్వాములగు మా పాఠకులకు భగేలా మాట క్రొత్త గాదు. 1936లో హైదరాబాదు సంస్థానము భగేలా యొప్పందములను క్రమపరచుటకు శాసనము చేసెను. అప్పు పేరిట మనుష్యుని కట్టివేయు ఆచారము దానితో నశింపలేదు. 1976లో దేశమంతటికిని వెట్టిచాకిరి నిర్మూలన చట్టము చేయవలసివచ్చినది. గ్రామమున కాగితము చదువగలవాడు దొర యొక్కడే యైనప్పుడు శాసనము దొర పెట్టెలోనే యుండిపోవును.

ఆ గతి ఈ స్మృతులకు పట్టరాదు. ప్రభుత్వమువారు నిబంధనలను సులభమగు తెలుగునను, ఉర్దూలోను ముద్రించి, పత్తర్‌గట్టీ మొదలు తలాబ్‌కట్టా వరకు పంచిపెట్టవలెను. తనిఖీ యధికారి తొలిసారి బోధకుడుగా, మలిసారి దండనాధికారిగా రావలెను. వర్తక సంఘములు చిన్న కార్ఖానాదారులకు పుస్తకములు వ్రాయు పద్ధతి నేర్పవలెను. ఇక యజమానులకు మేము చెప్పునది ఒక్కటే: దావా వచ్చువరకు వేచియుండక, ఈ మాసపు జీతమునుండియే లెక్క వ్రాసి, పనివాని చేత సంతకమో వ్రేలిముద్రయో తీసికొని, ఆ ప్రతి నొకదానిని వాని చేతికే యిండు.