మైదానానికి గరికే మేలు

రైతు పొలంలో కలుపుగా పీకి పారేసే గరికే ఫుట్‌బాల్ మైదానానికి అసలైన పంట. పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతంలో ఆటస్థలమంటే కృత్రిమ పచ్చిక పరచడమేనన్న భావన పునరాలోచించదగినది. నీరు, కోత, ఎరువు అక్కరలేదన్నది దానికి చెప్పే ప్రధాన సమర్థన.

ఈ వాదనలో కొంత నిజముంది. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల మైదానానికి వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇచ్చినా 35,700 లీటర్ల నీరు కావాలి. భూగర్భజలం కలుషితమైన చోట ఇది చిన్న భారం కాదు. అయితే మండుటెండలో ప్లాస్టిక్ పోచలు సహజ పచ్చిక కన్నా ఎంతో అధికంగా వేడెక్కుతాయి; వాటిని చల్లార్చడానికి మళ్లీ నీరే చల్లాలి. పోచల మధ్య నింపే టైరు రబ్బరు రేణువులు వానకు కొట్టుకుపోయి కాలువల్లో చేరుతాయి. ఐరోపా సమాఖ్య 2023లో ఇటువంటి రేణువుల విక్రయాన్ని నిషేధిస్తూ, క్రీడామైదానాలకు 2031 వరకు గడువిచ్చింది. పరిశ్రమల వ్యర్థాలను ఏళ్లతరబడి మోసిన నక్కవాగు మంజీరలో కలుస్తుంది. ఆ వాగుపై మరో భారం మోపడం తగదు.

గరిక ఎండను, కొంతమేరకు చౌడును తట్టుకుంటుంది. నల్లరేగడిలో అదనపు నీరు బయటకు పోయే ఏర్పాటు చేసి, ఇసుక పొరపై నాటాలి. శుద్ధిచేసి పరీక్షించిన గృహ మురుగునీటిని వాడితే తాగునీటిపై ఒత్తిడి తగ్గుతుంది. పరిశ్రమల వ్యర్థజలాన్ని మాత్రం వాడరాదు.

పొద్దస్తమానం ఆట సాగే చిన్న స్థలాల్లో గరిక నిలవదు. అక్కడ కృత్రిమ పచ్చిక తప్పకపోవచ్చు. పాఠశాలలు, కళాశాలల పెద్ద మైదానాలకు మాత్రం గరికే తగినది. అది నిలవాలంటే పచ్చిక సాగు తెలిసిన మైదాన సంరక్షకులు కావాలి. వారిని తీర్చిదిద్దే బాధ్యత వ్యవసాయ విద్యాసంస్థలదే.